ముక్క యెవనిది? : ఒక క్రీడాసూత్రమునకు టీకాతాత్పర్యములు

మూలము: ఎవని కట్టనుండి వచ్చెనో వానిదే ముక్క, ఎవని వశమం దుండునో వానిదే పెత్తనము, ఆట ముగిసినఁ దిరుగ మొదటివానికే.

అవతారిక: 1993వ సంవత్సరమున అమెరికా దేశపు గణితవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ వెలయించిన మ్యాజిక్ ది గ్యాదరింగ్ అను కార్డుల యాటలో, రమ్మీయందువలె అందఱికి నొకటే పేక గాక, ఎవని కార్డులు వాఁడే కొని తెచ్చి, కట్టగాఁ గూర్చుకొని, ఎదుటివానితోఁ దలపడవలసి యుండుటచే, నాది నీది యను వివాదమున కవకాశము మెండు. ఆ యాట నియమములనే యీ వ్యాఖ్యాత పై సూత్రముగాఁ గుదించినాఁడు.

ప్రతిపదార్థము: ఎవని కట్టనుండి = ఏ యాటగాఁడు ఆటారంభమునఁ దనదిగా నుంచుకొన్న కట్టలోనుండి; వచ్చెనో = బల్లపైకి దిగెనో; వానిదే = వాఁడే స్వామి యనుట (ఏవకారముచేత, డబ్బిచ్చి కొన్నవాఁడును, పుట్టినరోజునకు బహూకరించిన మేనమామయు నిరాకృతులు); వశమందు = తత్కాలమున దానిచేఁ బని సేయించుకొనువాని యధీనమునందు; తిరుగ = మరల. అలుగక యని కొందఱు.

తాత్పర్యము: శాస్త్రోదాహరణముల కలవాటుపడిన దేవదత్త యజ్ఞదత్తులకు విశ్రాంతి నొసఁగి, మన సీమవారినే కైకొందము. కుప్పము బాలుఁడు కొన్న కార్డును మదనపల్లె బాలుఁ డెరవు తెచ్చి తన కట్టలోఁ జేర్చి యాడుచుండఁగా, పుంగనూరు బాలుఁడు ‘కంట్రోల్ మ్యాజిక్’ అను కార్డును దానికిఁ దగిలించి, అందలి ప్రాణిని తనవైపునకు లాగికొనె ననుకొందము. అప్పుడు ధనస్వామి కుప్పమువాఁడు, క్రీడాస్వామి మదనపల్లెవాఁడు, తత్కాలప్రభువు పుంగనూరువాఁడు. ఆ ప్రాణి చచ్చినచో, చంపించుకొన్న పుంగనూరువాని శ్మశానమునకుఁ (చచ్చిన ముక్కల కుప్పకుఁ) గాక, మదనపల్లెవాని శ్మశానమునకే పోవును. కుప్పమువాఁడో, ప్రక్కన నిలిచి ‘మూల నలగనీవాకురా’ అని మొఱపెట్టుకొనుటకే యర్హుఁడు. ఏలనఁగా, చట్టసమ్మతమైన స్వామ్యముతో ఆటకుఁ బనిలేదని నియమకర్తలు స్పష్టముగా వచించి, పందెపుటాటను మాత్రమే మినహాయించిరి. తొలినాళ్లలో తలకొక ముక్క నొడ్డి, గెలిచినవాఁడు దానిని నిజముగానే యింటికిఁ గొనిపోవు పద్ధతి యుండెడిది.

పూర్వపక్షము: చాలకాలముగా నాచేత నున్నది గావున నాదే యని పుంగనూరువాఁడు వాదింపవచ్చును. స్వామి చూచుచు నూరకున్నచో, పరుఁ డనుభవించు భూమి 20 ఏండ్లకును, ధనము 10 ఏండ్లకును చేజాఱునని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది గదా. దానికి వ్యాఖ్యగా విజ్ఞానేశ్వరుఁడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలోనే కేతన తెలుఁగుపద్యముల కెక్కించినాఁడు గనుక, మాకుఁ దెలియదనుటకును వీలులేదు.

సమాధానము: అదే స్మృతి తాకట్టునకును, దాఁచనిచ్చిన సొమ్మునకును, బాలధనమునకును ఆ గడువు వర్తింపదన్నది. మన వాదులందఱును బాలురే యగుటచే, పుంగనూరువాని పక్షము పదేండ్ల మాట యటుండఁగా, పది నిమిషములకే వీఁగిపోయినది. అయితే పరీక్షలకు ముందు కట్టనంతయు బీరువాలోఁ బెట్టి తాళము వేయు తల్లి యధికారము ఏ స్మృతియందును గానరాదు; అది స్వయంసిద్ధము.

విశేషము: స్వామ్యవశముల యీ తగవు మదనపల్లెకుఁ గ్రొత్త గాదు. ఆ యూర 1895లో జనించిన జిడ్డు కృష్ణమూర్తిని, తమ్ముఁడు నిత్యానందను, తండ్రి నారాయణయ్య 1910లో దివ్యజ్ఞానసమాజాధ్యక్షురాలగు అనిబిసెంటు సంరక్షణకు వ్రాసియిచ్చి, పిమ్మట మనసు మార్చికొని 1912లో వ్యాజ్యము వేసెను. మద్రాసు హైకోర్టు 1913లో బాలురను తండ్రి కప్పగింపు మనఁగా, లండనులోని ప్రీవీ కౌన్సిల్, తండ్రి యొకరికిచ్చిన సంరక్షణాధికారము మరల రద్దుచేయఁదగినదే యని యొప్పుకొనుచునే, ఆ బాలుర యభిప్రాయ మరయకుండ వారి భవితవ్యము తేల్చరాదని 1914లో ఆ తీర్పును గొట్టివైచెను. బిడ్డలు ముక్కలు గారు, నిజమే. కాని మన సూత్రము కట్టను దలఁచినది, చేతిని దలఁచినది, ముక్క నడుగవలెనని మాత్రము దానికిఁ దోఁపలేదు. ఆ మదనపల్లె బాలుఁడు పెరిగి పెద్దయై, తన్ను గురువుగా నిలిపి యితరులు కట్టిన నక్షత్రసంఘమును 1929లో తానే రద్దుచేసి, కన్నవారికిని పెంచినవారికిని గాక పోయినాఁడు. స్వయముగా బల్ల దిగిపోవు ముక్కకు స్వామి యెవఁడను విషయము చింత్యము.