కళ్లజోడు పెట్టుకున్న కెప్టెన్

హీరోకి కూడా చత్వారం రావాలిరా అబ్బాయ్. రాకపోతే వాడేం హీరో? మీ తరానికి ఈ మాట ఎక్కదని నాకు తెలుసు. మీ సినిమాల్లో డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి ముఖాన్ని కంప్యూటర్లో పడేసి, ఇస్త్రీ చేసి, ముప్పై ఏళ్లవాడిగా బయటికి తీస్తారు. 2020లో 'మాండలోరియన్' సీరియల్లో 'స్టార్ వార్స్' హీరో ల్యూక్ స్కైవాకర్‌ని అలాగే దించారు. నున్నటి ముఖం, ఒక్క గీత లేదు, కళ్లలో ప్రాణమూ లేదు. అంతకు మూడేళ్ల ముందు అదే ల్యూక్‌ని నెరిసిన గడ్డంతో, లోకం మీద విసుగుతో చూపిస్తే అభిమానులు రెండు వర్గాలై తిట్టుకున్నారట. మా ల్యూక్ ఇలా అయిపోయాడేమిటని ఒకటే ఏడుపు. ఏమవుతాడు మరి? మీ నాన్న ఏమయ్యాడో చూడు.

మా రోజుల్లో కెప్టెన్ కిర్క్ ఉండేవాడు. 'స్టార్ ట్రెక్' సీరియల్ అమెరికాలో 1966లో మొదలై 1969లో ఆగిపోయింది. మాకు మాత్రం దూరదర్శన్ పుణ్యమా అని ఎనభైల్లో, ఆదివారం పూట దర్శనమిచ్చింది. పాత సరుకని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కిర్క్ చొక్కా పసుపు రంగని ఎప్పటికో గానీ తెలియలేదు. మా టీవీలో అందరి చొక్కాలూ బూడిద రంగే. అదీ యాంటెన్నా సరిగ్గా ఉంటే. మేడ మీద ఒకడు దాన్ని తిప్పుతూ ఉండాలి, కిటికీ దగ్గర ఒకడు "వచ్చింది, పోయింది, ఆఁ ఇటు, అటు కాదు" అని అరుస్తూ ఉండాలి. తీరా ఏ గ్రహాంతరవాసో నోరు విప్పే వేళకి కాకి వచ్చి దాని మీద వాలేది. సగం కథ మేమే కల్పించుకునేవాళ్లం. ఇప్పుడు మీకు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, అందుకే ఏమీ కల్పించుకోలేరు.

సరే, చత్వారం సంగతి. 1982లో 'ద రాథ్ ఆఫ్ ఖాన్' అని స్టార్ ట్రెక్ రెండో సినిమా వచ్చింది. మేం కేసెట్ అద్దెకు తెచ్చుకుని చూశాం, మధ్యలో గీతలు పడుతున్నా ఓర్చుకుని. అప్పటికి కిర్క్ అడ్మిరల్. ప్రమోషన్ ఇచ్చి కుర్చీలో కూలేశారు. ఆయన అంతరిక్షనౌక ఎంటర్‌ప్రైజ్ కుర్రకారు చేతికి పోయింది. పుట్టినరోజు నాడు శాన్‌ఫ్రాన్సిస్కోలో పాతకాలపు సామాన్ల మధ్య దిగులుగా కూర్చుంటే, డాక్టర్ మెకాయ్ వచ్చి ఓ కానుక చేతిలో పెడతాడు. కళ్లజోడు! ఇరవైమూడో శతాబ్దంలో కంటిచూపుకి రెటినాక్స్ అనే మందుందట, అది ఈయన ఒంటికి పడదట. నక్షత్రాల మధ్య తిరిగినవాడికి చిన్న అక్షరాలు కనిపించవు! ఎన్నో ఏడు నిండిందో మాత్రం సినిమాలో ఎవరూ చెప్పరు. చెప్పనవసరం లేదు, ఆ జోడు చాలు.

అసలు ముచ్చట తర్వాత ఉంది. కిర్క్ పాత శత్రువు ఖాన్ దొంగదెబ్బ తీశాడు. ఎంటర్‌ప్రైజ్ కదల్లేని స్థితిలో ఉంది. గడువు ఒక్క నిమిషం. శత్రునౌక రక్షణ కవచాన్ని ఇక్కణ్నుంచే దింపెయ్యడానికి ఓ రహస్య సంఖ్య ఉంది, అది తెర మీద వెతికి చూడాలి. అప్పుడు మన హీరో ఏం తీశాడు? తుపాకీ కాదు. కళ్లజోడు. తడుముకుని, ముక్కు మీద పెట్టుకుని, అప్పుడు చూశాడు. ప్రపంచ సినిమాలో అంత గొప్ప యుద్ధ సన్నివేశం మరోటి లేదని నా అభిప్రాయం. నీకు ముప్పై దాటలేదు కాబట్టి నీ అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు.

ఇదంతా తీసిన నికొలస్ మేయర్ అంతకుముందు స్టార్ ట్రెక్ చూసినవాడే కాదు. కూర్చుని పాత భాగాలు చూసి, పన్నెండు రోజుల్లో స్క్రిప్టు తిరగరాశాడు. 1979లో వచ్చిన మొదటి సినిమాకి నాలుగు కోట్ల డాలర్లకి పైగా తగలేశారు, దీనికి కోటీ ఇరవై లక్షలు. మీవాళ్లయితే ఆ డబ్బుతో ముడతలు చెరుపుతారు.

ఆగు, నువ్వేం అనబోతున్నావో తెలుసు. అదే 1982లో మన 'బొబ్బిలి పులి' వచ్చింది, రామారావుగారికి యాభై తొమ్మిది, పక్కన శ్రీదేవికి ఇరవై నిండలేదు, మరి ఆయన చత్వారమేదీ అంటావు. అది వేరు. ఎందుకు వేరంటే, వేరు అంతే. పెద్దవాళ్లతో వాదించకు.

పోనీ, పాత సీరియల్లో మాత్రం ముసలితనాన్ని గౌరవించారా అంటే అదీ లేదనుకో. 1967లో ఓ భాగంలో ముప్పై నాలుగేళ్ల కిర్క్ ఏదో రేడియేషన్ తగిలి గబగబా ముసలాడైపోతాడు. ఇచ్చిన ఆర్డరే మళ్లీ ఇస్తాడు, కుర్చీలోనే కునుకు తీస్తాడు. చివరికి అడ్రినలిన్‌తో చేసిన మందు ఇచ్చి నయం చేస్తారు. అప్పుడు అది చూసి పడీపడీ నవ్వాం. మొన్న మళ్లీ చూస్తే ఇందులో నవ్వడానికేముందో అర్థం కాలేదు. మందు పేరు మాత్రం రాసి పెట్టుకున్నా.

ఆ కళ్లజోడు కథ ఇంకా ఉంది. రెండో సినిమా చివర్లో ఒక అద్దం పగులుతుంది. 1986లో వచ్చిన నాలుగో సినిమాలో కిర్క్ కాలంలో వెనక్కి వెళ్లి, ఖర్చులకి డబ్బుల్లేక, శాన్‌ఫ్రాన్సిస్కోలో పాత సామాన్ల దుకాణంలో దాన్నే వంద డాలర్లకి అమ్మేస్తాడు. డాక్టర్ ఇచ్చిన కానుక కదా అంటే, ముందు ముందు మళ్లీ ఇస్తాడులే అని జవాబు. ఒక్క కళ్లజోడుతో మూడు సినిమాల దూరం లాగారు. ఇప్పుడు సినిమాకి ముప్పైమంది హీరోలు, ఒక్కడి దగ్గరా గుర్తుండే వస్తువు లేదు.

కిర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ తొంభయ్యో ఏట, 2021 అక్టోబరులో, నిజంగానే అంతరిక్షం అంచుకి వెళ్లొచ్చాడు. దిగాక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను, కారణం వేరు. ప్రయాణం మొత్తం పది నిమిషాలట! మా రోజుల్లో ఎంటర్‌ప్రైజ్ యాత్ర అంటే ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో మూడేళ్లకే సీరియల్ ఆపేశారన్న సంగతి నువ్వు గూగుల్లో చూసి చెప్పక్కర్లేదు, నాకు తెలుసు.

ఖాన్ సినిమా దొరికితే చూడు. తెలుగు సబ్‌టైటిళ్లు లేవని సణక్కు, మాకు బొమ్మే సరిగ్గా రాలేదు. అన్నట్టు, ఫోన్లో వేగం పెంచుకుని ఒకటిన్నర రెట్లలో చూశావని తెలిస్తే మాత్రం మా ఇంటి గడప తొక్కనివ్వను.