రీడలౌడ్ సూత్రమునకు నిర్జీవనీ వ్యాఖ్య

మూలం: "మీనింగ్ చూడొద్దు. మధ్యలో ఆగొద్దు. తప్పు పోతే ఎనక్కి రావొద్దు. వాయిస్ కిందికి దిగొద్దు."

అవతారిక: పలమనేరులో టీ అంగడి మీది మేడయందు కొలువైయున్న ఒకానొక స్పోకెన్ ఇంగ్లీషు ఆచార్యుడు, పీటీఈ అను పరీక్షకు పోదలచిన శిష్యులను ఉద్ధరింపనెంచి, రీడలౌడ్ ప్రకరణారంభమున ఈ సూత్రము నుపదేశించుచున్నాడు. మెదకు సీమ కొల్చారమునకు చెందిన మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిన పట్టి కాళిదాస కావ్యములకు 'సంజీవని' కూర్చెను. మాకట్టి నియమము లేదు. మూలము కూడ అట్టిది కాదు. కావున దీనికి 'నిర్జీవని' అని పేరు.

ప్రతిపదార్థం: సులభము గనుక విడిచితిమి. కావలసినవారు ఆచార్యుని వద్దనే జిరాక్సు కొనుక్కొనవచ్చును.

పరీక్షా స్వరూపం: తెరపై 60 మాటలకు మించని పేరా యొకటి కానవచ్చును. 30 నుండి 40 సెకన్లు దానిని కన్నులతో చూచుకొనవలెను. పిమ్మట 'పీప్' అను నాదము, మైకు తెరచుకొనును. చదువరి 3 సెకన్లు మౌనము దాల్చెనా, మూసికొనును. మరల చదువుటకు వీలులేదు. వినునది యంత్రము. ఉన్న మాట వదలినను, మార్చినను, లేని మాట చేర్చినను ఒక్కొక్కటి ఒక్కొక్క తప్పు. ధారకు, ఉచ్చారణకు వేరు లెక్కలు.

విశేషం: 'ఎనక్కి రావొద్దు' అను మూడవ పాదము విచారణీయము. వేదము వల్లించు మన ఘనపాఠి నొకని ఈ పరీక్షకు కూర్చుండబెట్టిన నేమగును? క్రమపాఠమున ఒకటి-రెండు, రెండు-మూడు అని మాటలు జతలుగా నడచును. జటలో ప్రతి జత ఒకమారు తిరగబడి మరల నిలబడును. ఇక ఘనమో! ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. ఉదాహరణము: పుంగనూరు బస్సు, బస్సు పుంగనూరు, పుంగనూరు బస్సు వచ్చింది, వచ్చింది బస్సు పుంగనూరు, పుంగనూరు బస్సు వచ్చింది. మూడు మాటలకు పదమూడు పలుకులు. అప్పటికి బస్సు మదనపల్లె చేరియుండును. అయినను దీని మహిమ సామాన్యము కాదు. ముందుకును వెనుకకును ఇట్లు అల్లుటచేతనే కాగితము, గంటము లేకయే అంత వాఙ్మయము అక్షరము జారకుండ తరముల వెంబడి నడచివచ్చెను. వెనుకకు వచ్చుటయే అచట విద్య. యంత్రమునకు మాత్రము ఘనపాఠి పలికిన ప్రతి తిరుగు మాటయు చేర్పుదోషమే. సలక్షణ ఘనపాఠికి సున్న.

అన్నట్టు, ఉచ్చారణశాస్త్రమగు పాణినీయ శిక్ష అధమ పాఠకుల నార్గురిని లెక్కించినది: రాగము తీయువాడు, పరుగులెత్తువాడు, తల యూచువాడు, వ్రాసినది చూచి చదువువాడు, అర్థ మెరుగనివాడు, గొంతు పెగలనివాడు. చూచి చదువువానిని పరీక్షయే కోరుచున్నది. అందు ఆచార్యుని దోషము లేదు. అర్థ మెరుగనివానిని ఆయన ఫీజు పుచ్చుకొని తయారుచేయుచున్నాడు. పరుగులెత్తువాడు ఉచితము.

పూర్వపక్షము: వేదపాఠశాలలందు మాత్రము అర్థము తెలిసి వల్లించిరా? లేదు, చాలామంది తెలియకయే వల్లించిరి. వేదపదములకు అర్థము చెప్పిన యాస్కుడు వారిని బరువు మోయు మోడు లనెను. మన తప్పు మనకు మూడువేల ఏండ్లనాటిది కావచ్చును గాని, దానికి నెలనెలా రసీదు కోయలేదు.

ఇక ఆ ఆరవవాడు. వాడు కాదు, అమ్మాయి. నర్సింగు చదివింది, ఆస్ట్రేలియా పోవాలి. ఇంట్లో తెలుగు, గుడియాత్తం అమ్మమ్మతో అరవం, ముళబాగిలు మేనత్తతో కన్నడం, పక్కింట్లో ఉర్దూ. ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. పదేళ్లు బడిలో ఇంగ్లీషు పీరియడ్లో విన్నదొక్కటే: 'సైలెన్స్'. నోరు తెరవనివ్వని చదువు చెప్పి, ఇప్పుడు గట్టిగా చదవమంటే గొంతు ఎక్కడినుంచి పెగుల్తుంది? హెడ్‌సెట్టు స్పాంజి ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. పేరా మంచునదుల మీద. 'మొరైన్' దగ్గర ఆగి, "సార్, ఇది ఏంది?" అనింది. ఆచార్యుడు పెన్నుతో బల్ల మీద టకటకమని కొట్టి, "అది నీకెందుకు మే! ఆగినావంటే మైకు పోతుంది, పోనీ ముందుకు" అన్నాడు. మంచునది మోసుకొచ్చి వదిలిపెట్టిన రాళ్లూ మట్టీ, అంతే. చెప్పడానికి ఆ పెన్ను కొట్టినంత సేపు పట్టదు. రేపు మందు చీటీ చదివేటప్పుడు కూడా ఈ పిల్ల ఇట్లే ముందుకు పోవాలనా?

క్షంతవ్యులము. వ్యాఖ్యానము గాడి తప్పినది.

నాలుగవ పాదము: వాయిస్ కిందికి దిగరాదు. అనగా ప్రతి కామా వద్ద గొంతు మేడమెట్లెక్కవలెను. మెట్లెక్కునంతవరకు పలమనేరు నాలుక గల ఆచార్యుడు, బల్ల ముందర మెల్‌బోర్ను వాస్తవ్యుడగుచున్నాడు. వేదకథలో త్వష్ట యజ్ఞమున స్వరము తప్పినందుకు కొడుకు వృత్రుడు పోయెను. ఇచట స్వరము తప్పినచో అప్పు తెచ్చిన ఫీజు పోవును అని ఆయన బెదిరింపు. తేలికగా అర్థమైనంతవరకు ఏ ప్రాంతపు యాసయైనను తప్పు కాదని పరీక్ష పెట్టువారే తమ నియమములలో చెప్పుకొనిరి. ఈ సంగతి జిరాక్సులో లేదు.

స్థలమాహాత్మ్యము: పై బస్సు చేరిన మదనపల్లెలో 1919లో ఠాగూరు బిసెంటు కళాశాలలో దిగి, తన జనగణమనను బెంగాలీలో పాడెను. విన్నవారు అర్థము తెలియకయే గొంతు కలిపిరి. ఆయన అంతటితో విడువక, అక్కడనే కూర్చుండి దానిని ఇంగ్లీషు చేసి యిచ్చెను. 'మీనింగ్ చూడొద్దు' అని ఎవరును చెప్పలేదు కాబోలు. అదే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి లండను విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో తప్పెను. తరువాత దేశదేశాల తిరిగి, కాగితము చేతలేక, వాక్యము మధ్య ఆగి ఆలోచించుచు, ఇంగ్లీషున జీవితాంతము మాటలాడెను. 3 సెకన్ల మౌనమున మైకు మూయు లెక్కన, ఆ ప్రసంగములలో ఒక్కటియు పూర్తి కాదు.

ఇతి రీడలౌడ్ ప్రకరణము. తరువాతిది రిపీట్ సెంటెన్స్, విన్న వాక్యమును విన్నట్టే అప్పగించుట. ఆ సూత్రమును ఆచార్యుడు సోమవారము చెప్పును, రెండవ కంతు కట్టినవారికి మాత్రమే.