బొమ్మ కోరిన ఊరు

1969 మార్చి 19. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ కమిషనర్ వాల్టర్ కెనడీ చేతిలో 1964 నాటి అర డాలరు నాణెం ఉంది. ఫోన్లో ఒకవైపు ఫీనిక్స్ సన్స్ వాళ్లు, ఇంకోవైపు మిల్వాకీ బక్స్ వాళ్లు ఊపిరి బిగబట్టి వింటున్నారు. రెండూ ముందటేడు పుట్టిన జట్లే. తొలి సీజన్‌లోనే చెరొక డివిజన్‌లో అట్టడుగున తేలాయి. ఫీనిక్స్ మరీ ఘోరం: 16 గెలిచి 66 ఓడింది. కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లలో తొలి ఎంపిక ఈ ఇద్దరిలో ఎవరిదన్నది నాణెం తేల్చాలి. అప్పటి పద్ధతి అది.

ఆ ఏడాది తొలి ఎంపిక అంటే లూ ఆల్సిండర్. ఏడడుగుల రెండంగుళాల మనిషి. తన కాలేజీ యూసీఎల్‌ఏకు అప్పటికే వరసగా రెండు జాతీయ టైటిళ్లు తెచ్చాడు, సరిగ్గా మూడు రోజుల తర్వాత మూడోదీ తెచ్చాడు. కాలేజీ ఆటలో డంక్‌ను 1967లో నిషేధిస్తే, అది ఇతని కోసమే అని అందరూ అనుకున్నారు. కరీం అబ్దుల్ జబ్బార్ అంటే మనకు బాగా తెలుస్తుంది.

బొమ్మా బొరుసా చెప్పే అవకాశం ఫీనిక్స్‌కు దక్కింది. జట్టువాళ్లు ఆ మాట తామే చెప్పేయకుండా అభిమానుల్ని అడిగారు. పత్రికలో ఓటింగ్ పెట్టారు. ఎక్కువమంది బొమ్మ అన్నారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ పని. ఆడటం మొదలుపెట్టి ఏడాదైనా నిండని జట్టు, తన భవిష్యత్తంతా ఆధారపడిన ఆ ఒక్క మాటను ఊరి నోటితో పలికించింది. అంతకన్నా న్యాయంగా ఏ జట్టు నడుచుకోగలదు?

కెనడీ నాణెం ఎగరేశాడు. కుడిచేత్తో పట్టుకుని ఎడమచేతి మీదికి తిప్పి పెట్టాడు. బొరుసు.

అంటే కుడి అరచేతిలో ఉన్నంతసేపూ పైకి కనిపించేది బొమ్మే. పట్టుకున్నది పట్టుకున్నట్టు చూపించి ఉంటే ఫీనిక్స్ గెలిచేది. చెయ్యి తిప్పడం ఆయన అలవాటే కావచ్చు, అందులో తప్పేమీ లేదు. క్రికెట్‌లో టాస్ ఓడితే పోయేది మహా అయితే ఒక మ్యాచ్. ఇక్కడ పోయింది ఒక తరం ఆట.

రెండేళ్లు తిరిగేసరికి, 1970-71లో మిల్వాకీ 66 గెలిచి 16 ఓడింది. టాస్ ముందు ఫీనిక్స్ లెక్కను తలకిందులు చేసి చూడండి, అదే అంకె. ఫైనల్లో బాల్టిమోర్‌ను 4-0తో చిత్తుచేసి కప్పు ఎత్తుకుపోయింది. అది ఆడి గెలిచిన కప్పు, కాదనను. ఆల్సిండర్ పక్కన ఆస్కార్ రాబర్ట్‌సన్ అంతటి వాడిని తెచ్చి నిలబెట్టిన తెలివి మిల్వాకీదే. కానీ ఆ పొడుగు మనిషి ఏ ఊరి చొక్కా తొడుక్కోవాలన్నది మాత్రం ఒక మణికట్టు తిరిగిన క్షణంలో తేలిపోయింది.

ఫీనిక్స్‌కు రెండో ఎంపికగా నీల్ వాక్ దొరికాడు. మంచి ఆటగాడు. 1972-73లో మ్యాచ్‌కు సగటున 20 పాయింట్లు చేశాడు. అయినా జనం అతన్ని చూసినప్పుడల్లా రాని మనిషే గుర్తొచ్చేవాడు. 1988లో వెన్నెముక కణితికి ఆపరేషన్ జరిగాక అతని కాళ్లు పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చుని మళ్లీ బాస్కెట్‌బాలే ఆడాడు. అతని గురించి చెప్పుకోవలసింది ఆ టాస్ కాదు, ఇది.

పదేళ్లకు, 1979లో, షికాగో బుల్స్ కూడా అభిమానుల్నే అడిగింది. వాళ్లూ బొమ్మే అన్నారు. మళ్లీ బొరుసు పడింది. మ్యాజిక్ జాన్సన్ లేకర్స్‌కు వెళ్లి అయిదు కప్పులు గెలిపించాడు. 1985 నుంచి టాస్ తీసేసి లాటరీ పెట్టారు.

ఫీనిక్స్ మాత్రం కష్టపడుతూనే ఉంది. 1976 ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో బోస్టన్‌తో మూడు ఓవర్‌టైమ్‌లు పోరాడి 128-126తో ఓడింది. 1993 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో ఇంకా 3.9 సెకన్లు ఉన్నాయనగా షికాగో ఆటగాడు జాన్ పాక్సన్ మూడు పాయింట్ల షాట్ వేశాడు. 99-98. ఒక్క పాయింటు!

2021లో, పదేళ్లపాటు ప్లేఆఫ్స్ ముఖమే చూడని ఆ జట్టు క్రిస్ పాల్, డెవిన్ బుకర్‌లతో ఫైనల్స్‌కు చేరింది. ఆ ఏడు అదృష్టం తన పక్కనా నిలబడిందని ఒప్పుకోవాలి. దారిలో తగిలిన లేకర్స్, డెన్వర్, క్లిప్పర్స్ మూడింటికీ ముఖ్యుల గాయాలు. తొలి రెండు మ్యాచ్‌లూ ఫీనిక్సే గెలిచింది. ఎదుట ఉన్నది మిల్వాకీ.

నిజానికి మిల్వాకీ అక్కడిదాకా రావలసిందే కాదు. జూన్ 19న బ్రూక్లిన్‌లో ఏడో మ్యాచ్. చివరి క్షణాలకు మిల్వాకీ 109, బ్రూక్లిన్ నెట్స్ 107. బ్రూక్లిన్ పెద్ద స్టార్లలో ఒకరు గాయంతో బయట కూర్చున్నారు, ఇంకొకరు గాయంతోనే ఆడుతున్నారు. మిగిలిన ఒక్కడూ జట్టును భుజాన మోస్తున్నాడు. ఇంకో సెకను ఉందనగా అతను వెనక్కి తిరుగుతూ షాట్ వేశాడు. బంతి నెట్‌లో పడింది. మూడు పాయింట్లయితే ఆట దాదాపు ముగిసినట్టే, మిల్వాకీ ఇంటికే. కానీ రీప్లేలో అతని బూటు కొన మూడు పాయింట్ల గీత మీద ఉంది. రెండే పాయింట్లు, స్కోరు సమం. ఓవర్‌టైమ్‌లో మిల్వాకీ 115-111తో గట్టెక్కింది. 53 నిమిషాలూ కోర్టు వదలకుండా 48 పాయింట్లు చేసిన మనిషి ఓడి బయటికి నడిచాడు.

ఇక ఫైనల్స్‌లో మిల్వాకీ వరసగా నాలుగు గెలిచింది. ఆరో మ్యాచ్‌లో యానిస్ అంటెటొకొంపో 50 పాయింట్లు కొట్టాడు. ఫ్రీ త్రో వేయలేడని పేరుపడిన వాడు ఆ రాత్రి 19 వేసి 17 లోపల పెట్టాడు. మిల్వాకీకి రెండో కప్పు. ఫీనిక్స్‌కు నేటికీ ఒక్కటీ లేదు.

ఇక దేన్నీ అదృష్టానికి వదలకూడదని ఫీనిక్స్ గట్టిగా నిశ్చయించుకుంది. 2023 ఫిబ్రవరిలో, ఎదిగొచ్చిన తన కుర్రాళ్లు మైకల్ బ్రిడ్జెస్‌నూ కామ్ జాన్సన్‌నూ, వాళ్లతోపాటు రాబోయే ఏళ్ల తొలి రౌండ్ ఎంపికలు నాలుగింటినీ ఇచ్చేసి, కప్పు తెస్తాడన్న నమ్మకంతో ఒక ఆటగాడిని తెచ్చుకుంది. మొదటి ఏడు రెండో రౌండ్‌లోనూ, రెండో ఏడు తొలి రౌండ్‌లోనూ ఆగిపోయింది. మూడో ఏడు ప్లేఆఫ్స్‌కే చేరలేదు. 2025 వేసవిలో అతన్ని హ్యూస్టన్‌కు పంపేసింది.

ఆ ఆటగాడు కెవిన్ డ్యూరాంట్. బ్రూక్లిన్‌లో ఆ రాత్రి గీత మీద పడిన బూటు అతనిదే.