ఓట్లొస్తేనే బడికి బల్బు

2024 ఎన్నికలప్పుడు మా ఊరికి ఎంపీ అభ్యర్థి వచ్చాడు. ఏ పార్టీ అని అడక్కండి, నా ఫిర్యాదు పార్టీ మీద కాదు. ఏప్రిల్ నెలాఖరు, పొద్దున పదింటికే రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. ముందు డప్పులు, వెనక కార్ల బారు, జేసీబీ తొట్టిలోంచి బంతిపూల వాన. బడులు, ఊరి వసతులే తన ఎజెండా అని రెండ్రోజుల ముందే కరపత్రాలు పంచిపెట్టాడు. అందుకని జీపు దిగి తిన్నగా హైస్కూలు గేటు దగ్గరికే నడిచాడు. గేటుకి తాళం.

"పిల్లలేరీ?" అన్నాడు చుట్టూ చూసి.

"ఎండాకాలం సెలవులు బాబూ" అన్నాను.

ఎవడో పక్కనుంచి ఫక్కుమన్నాడు. కెమెరా కుర్రాడు మాత్రం గట్టివాడు. తాళం కనబడకుండా బోర్డు పడేలా వాటంగా వంగి ఫొటో తీశాడు. ఆ తర్వాత వేపచెట్టు కింద ప్రసంగం. డిజిటల్ క్లాసులు, ఆర్వో నీళ్లు, కమ్యూనిటీ హాలు, ఓపెన్ జిమ్ము, కుట్టుమిషన్ల శిక్షణ. పెళ్లిభోజనంలో వడ్డన వేగంగా జరిగినట్టు ఒకటి మింగేలోపు ఇంకోటి పడుతోంది. దారిలో ఇస్త్రీ బండి దగ్గర ఆగి రెండు చొక్కాలు ఇస్త్రీ చేశాడట కూడా. ఆ చొక్కాల గతి ఏమైందో వాటి సొంతదారులే చెప్పాలి.

నేను ఆ బళ్లోనే చదివాను, ఆఖరి పదకొండేళ్లూ అక్కడే తెలుగు చెప్పి 2001లో రిటైరయ్యాను. నా మెడలో కండువా వెయ్యబోయినవాడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివినవాడే. "మాస్టారూ, ఒక్కసారి వేసుకోండి, తీసేద్దురుగాని" అన్నాడు. సంధులు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు గానీ, ఈ విద్య బాగానే పట్టుబడింది.

మా రోజుల్లో ఇలా ఉండేదా? 1957 నాకు బాగా గుర్తు. ఆంధ్ర శాసనసభకి 1955లోనే ఎన్నికలైపోయాయి కాబట్టి, ఆ ఏడు మా జిల్లాల్లో లోక్‌సభకి ఒక్కదానికే ఓట్లు. అందుచేత ఎంపీ అభ్యర్థి ఏం చెప్తాడో జనం చెవులు రిక్కించి విన్నారు. అప్పుడు మాది తెనాలి స్థానం. అదీ ఇప్పుడు లేదు. 2009 ఎన్నికలకల్లా ఆ సీటునే ఎత్తేసి, ఊళ్లని తలా ఒక పక్కకీ పంచేశారు.

ఒక అభ్యర్థి దుమ్ము కొట్టుకుపోయిన జీపులో, పైన గొట్టం మైకు కట్టించుకుని వచ్చాడు. కరణంగారి అరుగు మీద కూచుని రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. పెద్దలు చుట్టూ చేరి, "మా పిల్లలు ఆరు మైళ్లు నడిచి పోతున్నారు, ఊళ్లో హైస్కూలు పెట్టించండి" అన్నారు. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఆ ఆరు మైళ్లు నడిచేవాళ్లలో నేనొకణ్ణి, అందుకే స్తంభం పట్టుకుని నిలబడి విన్నాను. ఆయన మూతి తుడుచుకుని, "హైస్కూలు జిల్లా బోర్డు పని, నా చేతుల్లో లేదు. మీరు స్థలం చూసుకుని అర్జీ పెట్టండి, నేనూ ఒక మాట చెప్పి చూస్తాను" అన్నాడు. అంతే. వాగ్దానం లేదు, చప్పట్లూ లేవు.

అంత నిజం చెప్పినాయన ఓడిపోయాడు. గెలిచింది రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారు. ఆయన సంగతి వేరనుకోండి. ఈ తెనాలి సీటుకి చాలా ముందే, 1930లలోనే, సొంతూరు నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టి రైతుబిడ్డలకి రాజకీయాలు నేర్పించిన మనిషి.

మా హైస్కూలు మేమే కట్టుకున్నాం. ఒక ఆసామి మూడెకరాలు రాసిచ్చాడు. ఎకరానికి బస్తా ధాన్యం చొప్పున కళ్లాల్లోనే కొలిచి పక్కన పెట్టారు. ఇటుక బట్టీ నుంచి బళ్లు వంతులేసుకుని తోలారు. సిమెంటు దొరికే కాలం కాదు. చెరువు గట్టున గుండ్రంగా కాలవ తవ్వి, ఎడ్లని కట్టి గానుగ తిప్పి సున్నం నూరారు. ఆ గానుగ కీచుమంటుంటే రాత్రిళ్లు మాకు నిద్రపట్టేది కాదు. గోడలు లేచేసరికి జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్తు వచ్చింది. మేం అర్జీ మళ్లీ రాసుకున్నాం. ఆ గోడల్లో మేకు దిగాలంటే ఇప్పటికీ సుత్తి పిడి విరుగుతుంది.

ఇదంతా మా ఆవిడకి చెబుతుంటే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. విని, "ఏమండీ, మీ క్లాసులో ఆడపిల్లలెంతమంది?" అని అడిగింది.

"ఇద్దరు."

"మధ్యలో అవసరమైతే ఎక్కడికెళ్లేవాళ్లు?"

"కరణంగారి దొడ్లోకి."

"ఇప్పుడు బళ్లోనే మరుగుదొడ్డి ఉంది కదా."

"దానికి తాళం వేసుంది."

"తాళం వేయడానికైనా ఉంది కదండీ" అని చిక్కుడుకాయల చాట ఎత్తుకుని లోపలికి పోయింది.

ఆవిడతో వాదించి నేను గెలిచిన దాఖలా లేదు. ఇంకోటీ ఒప్పుకోవాలి. ఆ గానుగ తోలింది, ఇటుకలు మోసింది ఊరవతల పల్లెవాళ్లు. వరండాలో దాతల పేర్లు చెక్కిన రాతిపలకలో వాళ్ల పేరు ఒక్కటీ లేదు. వాళ్ల ఓట్లు ఏ పెట్టెలో పడాలో ముందురోజు రాత్రే మోతుబరి అరుగు మీద తేలిపోయేది. ఇప్పుడు అదే పల్లె కుర్రాడు అభ్యర్థిని నడిరోడ్డు మీద నిలేస్తున్నాడు. మా రోజుల్ని పొగిడేటప్పుడు ఈ ముక్క దాటేస్తే పాపం.

అయినా సణుగుడు ఆపను. నిలేస్తున్నారు సరే, అడిగేదేమిటి? బస్ షెల్టరు, సిమెంటు రోడ్డు, గుడికి షెడ్డు. ఎంపీ అంటే పెద్ద సైజు సర్పంచి అని అందరికీ స్థిరపడిపోయింది. ఈ తిరకాసు 1993 డిసెంబరులో మొదలైందని నా లెక్క. అప్పుడే ఎంపీ లాడ్స్ అని, ఎంపీ సిఫారసు మీద ఖర్చయ్యే నిధి పెట్టారు. 2011-12 నుంచి అది ఏటా 5 కోట్లు. వినడానికి ఘనంగా ఉంటుంది. లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, ఓటర్లు పదిహేను లక్షలనుకుందాం. తలకి ముప్పై మూడు రూపాయలు, అదీ ఏడాదికి. మా సెంటర్లో ప్లేటు ఇడ్లీ రాదు. ఆ ఇడ్లీ ముక్కలోంచే డిజిటల్ క్లాసు, జిమ్ము, హాలు అన్నీ తీస్తానంటాడు ఈ బాబు. కట్టిన బస్ షెల్టరు మీద ఊరి పేరు కంటే ఎంపీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. కొత్తగా దిగినవాళ్లు అదే ఊరి పేరనుకుంటారు.

చదువు పేరుతో ఎంపీలకి ఒకప్పుడు నిజంగా చేతిలో ఉన్నది ఒక్కటే, కేంద్రీయ విద్యాలయంలో ఏడాదికి పది సీట్లు. ఆ పదింటి కోసం తండ్రులు మే నెల ఎండలో వాళ్ల ఇళ్ల ముందు సిఫారసు ఉత్తరాలకి పడిగాపులు పడేవాళ్లు. 2022లో ఆ కోటా ఎత్తేశారు. మంచిపనే చేశారు.

మరి ఎంపీ బడికి చేయగలిగింది లేదా? ఎందుకు లేదు! 1976లో 42వ సవరణతో చదువు ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. బడులకిచ్చే సమగ్ర శిక్ష పథకం డబ్బులో నూటికి అరవై ఢిల్లీ ఇవ్వాలి, నలభై రాష్ట్రం పెట్టాలి. మధ్యాహ్న భోజనంలో కూడా కేంద్రం వాటా ఉంది. ఈ డబ్బు ఆలస్యమైతే సభలో లేచి అడగాల్సింది ఎంపీయే, సర్పంచి కాదు. నేను వేపచెట్టు కింద ఆ మాటే అడిగాను. "ఆ అరవై వంతూ వేళకి రాకపోతే సభలో లేచి అడుగుతావా నాయనా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "మీ ఆశీర్వాదం కావాలి పెద్దాయనా" అంటూ గభాలున వంగి నా కాళ్లు పట్టుకున్నాడు. నాలుగు కెమెరాలు క్లిక్కుమన్నాయి. నా ప్రశ్న కాళ్లకిందకి పోయింది. ఆ ఫొటో మర్నాడు ఊరంతా ఫోన్లలో తిరిగింది, నేను ఆయన్ని దీవిస్తున్నట్టు.

1952లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 25 వేలు, ఇప్పుడు 95 లక్షలు. రూపాయి విలువ పడిపోయిందిలెండి, ఒప్పుకుంటాను. కానీ ఆ జేసీబీ అద్దె ఏ పద్దులో రాశారో చూడాలని నాకో కోరిక.

ఉద్యోగంలో ఉండగా నేను చాలాసార్లు ప్రిసైడింగ్ ఆఫీసరు డ్యూటీ చేశాను. ముందురోజు సాయంత్రమే బ్యాలెట్ పెట్టె, లక్క, రబ్బరు ముద్రలు, సిరా సీసా పట్టుకుని ఎక్కడో ఊరి బళ్లో దిగేవాళ్లం. బెంచీలు దగ్గరికి జరుపుకుని పడుకునేవాళ్లం. అలా జిల్లాలో ఎన్ని బడుల కప్పులు కారుతాయో వెల్లకిలా పడుకుని చూసినవాణ్ణి. ఒకచోట గదికి తలుపే లేదు. పెట్రోమాక్స్ దీపం పెట్టుకుని, పెట్టెకి కాపలాగా గుమ్మంలో అడ్డంగా పడుకున్నాను. తలుపు లేదని ప్రిసైడింగ్ ఆఫీసరు డైరీలో రాద్దామంటే దానికి గడి లేదు.

ఇప్పుడు ఆ బాధలు లేవు. పోలింగ్ కేంద్రమంటే ర్యాంపు, తాగునీళ్లు, లైటు, మరుగుదొడ్డి ఉండి తీరాలని ఎన్నికల సంఘం రూలు. ఆ మే నెల 13న పోలింగ్ అంటే వారం ముందు మా బడికి మనుషులు దిగారు. ర్యాంపుకి సిమెంటు పూశారు. వైర్లు లాగి ప్రతి గదిలో బల్బు పెట్టారు. మరుగుదొడ్డి తాళం తీసి ఫినాయిలు పోశారు. పిల్లలు ఏడాది పొడుగునా అడిగింది వారంలో అయిపోయింది. నేను వెళ్లి ఓటేసి, ఆ వెలుతురు చూసి కాసేపు వరండాలో కూచుని వచ్చాను.

జూన్‌లో బడి తెరిచాక ఒకసారి వెళ్లాను. మరుగుదొడ్డికి మళ్లీ తాళం పడింది. ఎనిమిదో తరగతి గదిలో హోల్డరుంది, బల్బు లేదు. గోడ మీద పోలింగ్ కేంద్రం నంబరు మాత్రం నీలం రంగులో చెక్కుచెదరకుండా ఉంది.