కందకం లేని తోట

"జూ అంటే నాంపల్లిరా" అన్నారు నాన్నగారు.

జంగారెడ్డిగూడెంలో రాత్రి బస్సెక్కింది మొదలు అశ్వారావుపేట దాటేదాకా ఇదే పాట. నేను బహదూర్‌పురా అంటాను, ఆయన నాంపల్లి అంటారు. చిన్నప్పుడు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్‌లో పులిని చూశారట.

"తోటలో పులేంటి తాతయ్యా!" అని మా అమ్మాయి కిసుక్కుమంది.

"ఏం, 2024 సెప్టెంబరులో కడియపులంక నర్సరీల్లోకి చిరుత రాలేదూ? గులాబీ అంట్లు బేరమాడ్డానికొచ్చిందా?"

పెద్దాయన చెప్పింది అబద్ధం కాదు. నిజాం నాటి బాగ్-ఎ-ఆమ్, అంటే మన పబ్లిక్ గార్డెన్, ఒకప్పుడు తోటా, జూ కూడా. 1963 అక్టోబరు 6న బహదూర్‌పురాలో మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో నెహ్రూ జూ పార్కు తెరిచారు. జంతువులు అక్కడికి తరలిపోయాయి. తోట మిగిలింది. తోటలో 1913 నాటి తెల్లటి భవనమూ మిగిలింది. అసెంబ్లీ ఉన్నది ఆ ఆవరణలోనే.

ఆయన మాట కాదనలేక పొద్దున్నే నాంపల్లిలో దిగాం. గేటు దగ్గర పోలీసాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "జంతువులు ఎటండీ?" అని అడగబోయిన నాన్నగారి నోరు నొక్కి తోటలోని మ్యూజియంలోకి లాక్కుపోయాను. అక్కడ ఈజిప్టు మమ్మీ ఉంది. సభకి కూతవేటు దూరంలో ఇన్నేళ్లుండీ నోరు మెదపలేదంటే, చచ్చిపోవడంలోనూ ఓ సుఖముందన్న మాట.

ఆటోలో బహదూర్‌పురా చేరాం. పులి ముందు ఊచల్లేవు. మధ్యలో కందకం.

"దూకెయ్యదా?" అంది పిల్ల.

"ఎంత దూరం దూకగలదో లెక్కగట్టి, అంతకన్నా వెడల్పుగా తవ్వుతారమ్మా."

"ఆ లెక్కగట్టినాయన్ని నాంపల్లి పంపాల్సింది" అన్నారు నాన్నగారు.

అక్కడా తవ్వకపోలేదు. 1985లో పార్టీ ఫిరాయింపులకి అడ్డంగా రాజ్యాంగంలో పదో షెడ్యూలని ఒక కందకం తవ్వారు. ఈ గట్టున గెలిచి ఆ గట్టున మేస్తే పదవి పోతుంది. కాకపోతే ఓ మూల సందొదిలారు. మూడోవంతు మంది కలిసి దూకితే అది దూకుడు కాదు, చీలిక. ఆ సందులోంచి మందలు మందలుగా పోతుంటే 2003లో దాన్ని మూశారు. పక్కనే ఉన్న పెద్ద గేటు మాత్రం అలాగే ఉంచారు. మూడింట రెండొంతుల మంది కలిసి దూకితే దానిపేరు విలీనం. పాపం పులులకి భిన్నాలు రావు. అందుకే ఇంకా అవతలి గట్టునే ఉన్నాయి.

ఎండ నెత్తికెక్కింది. నాన్నగారు మాత్రం ఏనుగునీ చూడలేదు, సింహాన్నీ చూడలేదు. కనిపించిన ఉద్యోగినల్లా ఒకటే అడుగుతున్నారు: "పెద్ద తాబేలేదండీ?"

చివరికి చీపురు పట్టుకున్న ఓ పెద్దాయన ఆగాడు. "చాణక్యా? పోయిందండి. 2024 మార్చిలో. నూట పాతికేళ్లన్నారు."

గాలాపగోస్ తాబేలది. 1963లో తోట నుంచి తరలొచ్చిన బాపతు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది. అది ఆకులు నముల్తూనే ఉంది. ప్రభుత్వ కొలువు మొత్తమ్మీద ఒకే ఒక్క బదిలీ, అదీ నాంపల్లి నుంచి బహదూర్‌పురాకి. చాణక్య అని పేరు పెట్టించుకుని కూడా రాజకీయం జోలికి పోలేదు.

నాన్నగారు చెట్టుకింద బెంచీ మీద కూలబడ్డారు. మంచినీళ్ల సీసా ఇస్తే తాగలేదు. మూత తిప్పుతూ కూర్చున్నారు.

"నేను పుట్టినప్పుడు మనూరు మద్రాసు రాష్ట్రం. మూడేళ్లకి ఆంధ్ర. ఇంకో మూడేళ్లకి ఆంధ్రప్రదేశ్. మొన్న 2022 ఏప్రిల్లో, నిద్రలేచేసరికి పశ్చిమ గోదావరి కాస్తా ఏలూరు జిల్లా అయి కూచుంది. మన అరుగు మాత్రం అంగుళం జరగలేదు."

"అయితే?" అన్నాను.

"అయితే ఏముందిరా. ఆ తాబేలుకీ నాకూ ఒకటే జబ్బు. ఉన్నచోటే ఉంటాం. బోర్డులే మారుస్తుంటారు."