నేను అన్నం మానేసిన అయిదు నెలలు

మా సెక్షన్‌లో ముగ్గురికి నేనొక నిజం బాకీ ఉన్నాను. అది తీర్చేముందు కథ మొత్తం చెబుతాను. నిజం ఒక్కటే చెబితే శిక్ష ఎక్కువ పడుతుందని నా భయం.

జనవరి మొదటి వారంలో రక్తపరీక్ష చేయించుకున్నాను. మూడు నెలల చక్కెర జాతకం చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. 5.7కి వస్తే పొలిమేర, 6.5కి వస్తే ఊళ్ళోకి ప్రవేశం. అంటే నేను పొలిమేర రాయి దాటి, ఊరి దీపాలు కనిపించే దూరంలో ఉన్నానన్నమాట. డాక్టరుగారు కాగితం చూశారు, నా పొట్ట చూశారు. "అన్నం సగం చెయ్యండి, కూర రెట్టింపు చెయ్యండి, సాయంత్రం నడవండి" అన్నారు.

అంతే. మూడు ముక్కలు. పైసా ఖర్చు లేదు. అందుకే నాకు నచ్చలేదు. సగం అన్నం తినేవాణ్ణి ఎవరు గుర్తిస్తారు? మానేస్తే మొత్తం మానెయ్యాలి, పదిమందీ చెప్పుకోవాలి. నాది మొదట్నుంచీ ఇదే వరస. నడవమంటే ముందు బూట్లు కొంటాను, తర్వాత బూట్లు కరిచాయని నడక మానేస్తాను.

బెంగుళూరు నుంచి మా అమ్మాయి ఫోన్‌లో ఉపాయం చెప్పింది. "కాలీఫ్లవర్‌ని తురిమి అన్నంలా వండుకో నాన్నా, తేడానే తెలీదు." ఆ మాట నమ్మడం నా మొదటి తప్పు. చిన్నప్పుడు ఫ్యాను చూపించి, కాకిని చూపించి నోట్లో పెట్టిన అన్నం తప్ప అది ఇష్టపడి ఒక్క ముద్ద తిన్నది లేదు. దానికి తేడా తెలియదంటే తెలియదు మరి.

లెక్క మాత్రం ఊరించింది. వండిన అన్నం వంద గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. కాలీఫ్లవర్‌లో 5. అంటే కంచం నిండా తిన్నా అయిదోవంతు కూడా తిన్నట్టు కాదు! మిగిలిన దాంట్లో 92 గ్రాములు నీళ్ళేనని కూడా ఆ లెక్క పక్కనే రాసి ఉంది. దాన్ని చదివాను, పట్టించుకోలేదు.

మొదటి రోజు మిక్సీలో వేశాను. ఆపి ఆపి తిప్పాలట. నేను నేరుగా మూడో నంబరులో పెట్టి, అటు ఫోన్ మోగితే వెళ్ళి, మాట్లాడి వచ్చాను. మా ఆవిడ మూత తీసి చూసి, "పచ్చడి బాగా నలిగిందండీ, పోపు పెట్టనా?" అంది. పెట్టించుకున్నాను. అన్నంలో కలుపుకుని తిన్నాను. అన్నం మానేసిన మొదటి రోజు అలా గడిచింది.

రెండో రోజు తురుముపీట. అర పువ్వు తురిమేసరికి రెండు వేళ్ళ కణుపులు కూడా తురిమాను. అప్పుడు మా ఆవిడ వచ్చి, "ముందు ఉప్పూ పసుపూ వేసిన వేడినీళ్ళలో ముంచారా? పురుగులుంటాయి" అంది. పువ్వుని తురిమాక అందులో పురుగుని ఎలా వెతకాలో ఇప్పటికీ నాకు తెలియదు. గిన్నె బయట పెడితే, వీధిలో ఆవు వాసన చూసి నా ముఖం చూసి వెళ్ళిపోయింది.

మూడో రోజు పద్ధతిగా చేశాను. ముంచాను, ఆరబెట్టాను, తురిమాను. పల్చటి బట్టలో వేసి నీళ్ళు పిండాలంటే, చేతికందిన బట్టలో వేసి పిండాను. అది సంక్రాంతికి అత్తవారు పెట్టిన పంచె. పసుపు మరక ఇప్పటికీ పోలేదు. ఆ పంచె కట్టుకుంటే నన్ను చూసిన వాళ్ళు ఎక్కడ పెళ్ళి అని అడుగుతారు.

అన్నానికీ దీనికీ అసలు వైరం పొయ్యి మీద బయటపడింది. బియ్యం నీళ్ళు తాగుతుంది. తాగి ఉబ్బి, మెతుకుకి మెతుకు విడిపోయి నిలబడుతుంది. ఈ పువ్వుకి సెగ తగిలితే తాగడం మాట దేవుడెరుగు, తన ఒంట్లో ఉన్నదంతా కక్కేస్తుంది. బియ్యం వండే అలవాటు కొద్దీ నేను గ్లాసున్నర నీళ్ళు పోసి, మూతపెట్టి, పేపరు చదువుకుంటూ కూర్చున్నాను.

పావుగంటకి తలుపు ఎవరో దడదడ కొట్టారు. పక్క ఫ్లాట్ ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "అన్నయ్యగారూ, మీ ఇంట్లో గ్యాస్ లీకవుతోంది, స్విచ్చులు వెయ్యకండి!" అంది. నవ్వకండి, ఆవిడ ముక్కు చాలా శాస్త్రీయమైంది. వంటగ్యాస్‌కి సొంత వాసన ఉండదు, లీకైతే తెలియడానికి గంధకం ఉన్న మెర్కాప్టాన్ అనే పదార్థం కలుపుతారు. కాలీఫ్లవర్‌ని ఎక్కువసేపు ఉడికిస్తే వచ్చేవి కూడా గంధకం వాయువులే. మూతపెడితే అవి గిన్నెలోనే కూర్చుని, తీసినప్పుడు ఒక్కసారి బయటికొస్తాయి. ఈ సంగతి ఆవిడకి వివరించబోయాను. అప్పటికే ఆవిడ సెల్లార్‌లోకి దిగి వాచ్‌మన్‌ని పిలుస్తోంది.

చివరికి వారం తిరిగేసరికి చూడ్డానికి అన్నంలా ఉన్నది ఒకటి తయారైంది. వెడల్పు మూకుడు, పెద్ద సెగ, మూత లేదు, నాలుగు నిమిషాలు. కంచంలో గుట్టగా పోసుకుని, మధ్యలో గుంట చేసి, పప్పు వేసుకుని, నెయ్యి వేసుకుని కలిపాను. కలవలేదు. పప్పు కిందికి జారి కంచం అంచుకి చేరింది, పువ్వు పైన ఉండిపోయింది. ముద్ద చేస్తే వేళ్ళ సందుల్లోంచి రాలింది. నోట్లో పెట్టుకున్నాను. బాగానే ఉంది! కానీ ఇది ఎక్కడో తిన్న రుచే. రెండో ముద్దకి గుర్తొచ్చింది. ఇది కాలీఫ్లవర్ వేసిన పప్పు. మా ఇంట్లో నెలకోసారి చేసేదే.

సరే, పప్పు వదిలేసి పులుసు పోసుకున్నాను. అది ముక్కల పులుసైంది. నిమ్మరసం పిండి పోపు వేశాను. నిమ్మకాయ వేసిన కాలీఫ్లవర్ కూర. ఆఖరికి పెరుగు. పెరుగన్నం అవుతుందనుకుంటే పెరుగుపచ్చడి అయింది. ఆ పూట కంచం ముందు నలభై నిమిషాలు కూర్చుని నాలుగు కూరలు తిన్నాను. ఒక్క భోజనమూ చెయ్యలేదు. అప్పుడు తెలిసింది నా అవస్థ. మన పప్పూ పులుసూ పచ్చడీ పెరుగూ అన్నీ అన్నం ఉందన్న ధీమాతో ఉప్పూ కారం వేసుకున్నవి. మధ్యలోంచి అన్నాన్ని లాగేస్తే పెళ్ళికొడుకు లేని విడిదిలా ఉంటుంది వ్యవహారం. బాజాలున్నాయి, బంధువులున్నారు, ఎవరు ఎవరితో మాట్లాడాలో తెలియదు.

ఇదంతా చూస్తున్న మా అమ్మ, "ఒరే, కూరలన్నీ తిన్నావు బాగానే ఉంది, అన్నం ఎప్పుడు తింటావు?" అంది.

"ఇదే అన్నం అమ్మా."

మా అమ్మ ఏమీ అనలేదు. లేచి వెళ్ళి వసారాలో కూర్చుంది. మా అమ్మది నరసరావుపేట అవతల మెట్ట ఊరు. నాగార్జునసాగర్ కాలువలకి 1967లో నీళ్ళు వదిలారు. అంతకుముందు ఆ ఊళ్ళో రోజూ జొన్నన్నమే, వరన్నం పండక్కో పెళ్ళికో. చిన్నప్పుడు జ్వరం వస్తే వరన్నం పెడతారని జ్వరం రావాలని మొక్కుకునేదట. సాయంత్రం ఆవిడే వచ్చి మెల్లిగా అంది: "మా నాన్న కాలువ గట్టు మీద నిలబడి ఏడ్చాడ్రా నీళ్ళు చూసి. నువ్వేమో అది వదిలేసి పువ్వు పిండుకుంటున్నావు. అదీ మీ మావగారు పెట్టిన పంచెలో." నా దగ్గర సమాధానం లేదు. జొన్నన్నమే తినొచ్చు కదా అని మీకు తోస్తుంది. మా ఆవిడకీ తోచింది. జొన్నలో కూడా పిండిపదార్థం ఉంటుందని ఆవిడకి పావుగంట ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి నేనే.

ఫిబ్రవరిలో నాకో లొసుగు దొరికింది. అన్నం బదులు కూరగాయ అన్నారు గానీ, ఫలానా కూరగాయ అనలేదు కదా! బంగాళాదుంప కూరగాయ కాదా? కంద? చేమదుంప? మార్కెట్లో ఏ తట్టలో అమ్ముతారు వాటిని? మూడు వారాలు మహారాజులా బతికాను. పొద్దున చిలగడదుంప, మధ్యాహ్నం కంద, రాత్రి బంగాళాదుంప వేపుడు గిన్నెడు. కడుపు నిండింది, మనసు నిండింది, ముఖంలో కళ వచ్చింది. ఎవరేమన్నా చరిత్ర చెప్పేవాణ్ణి. 1950ల మొదట్లో తిండిగింజల కరువొచ్చినప్పుడు కేంద్ర ఆహార మంత్రి మున్షీగారు బియ్యం, గోధుమ తగ్గించి దుంపలు తినమనలేదా, ఆయన భార్య లీలావతి మున్షీ పూనికతో బియ్యం, గోధుమ వాడని అన్నపూర్ణ ఫలహారశాలలు పెట్టలేదా, అని. మా ఆవిడ శాంతంగా విని, "వాళ్ళు దుంపలు తినమన్నది అన్నంలా కడుపు నింపుతాయనండీ. మీకు డాక్టరు చెప్పింది అది వద్దని" అంది. చూస్తే ఉడికించిన బంగాళాదుంపలో వందకి 20 గ్రాములు పిండిపదార్థం ఉంది. పచ్చి అరటికాయ అన్నానికి ఏమాత్రం తీసిపోదు. తట్ట ఒకటే గానీ జాతులు వేరు.

సొరకాయ నూడుల్స్ గురించి క్లుప్తంగా. పెన్సిల్ చెక్కే మిషన్‌లాంటిది అమ్మాయి పంపింది. సొరకాయ పెట్టి తిప్పితే గజాల కొద్దీ దారం వస్తుంది. ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచితే దారం పోయి చెరువు వస్తుంది. ఆ మిషన్ ఇప్పుడు బీరువా మీద ఉంది.

ఇక నేరం దగ్గరికి వస్తున్నాను.

మార్చిలో ఎండలు ముదిరి కాలీఫ్లవర్ పిడికెడయింది, పసుపు తిరిగింది, ధర మాత్రం ఎదిగింది. ఒకరోజు పొద్దున తురిమింది మరీ కొంచెమే అయింది. హాట్‌ప్యాక్‌లో రాత్రి అన్నం ఉంది. ఒక్క గుప్పెడు కలిపాను. పరిమాణం కోసమే, ప్రమాణం చేసి చెబుతున్నాను. కలిపి పోపు వేస్తే, ఏం చెప్పమంటారు, అద్భుతం! పొడిపొడిగా వచ్చింది, ముద్దకి నిలబడింది, నిమ్మరసం పట్టింది. మర్నాడు రెండు గుప్పెళ్ళు. వారానికి గుప్పెళ్ళు లెక్కపెట్టడం మానేశాను.

అది క్యారియర్‌లో ఆఫీసుకి పట్టుకెళ్ళాను. లంచ్‌లో మూత తీసి, "కాలీఫ్లవర్ అన్నం. మూడు నెలలుగా ఇదే" అన్నాను. ముగ్గురు తలో చెంచా తీసుకున్నారు. "అచ్చం అన్నంలాగే ఉందండీ!" అన్నారు. అన్నమే కాబట్టి ఉంది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చి, పొగడ్త వినబడగానే వెనక్కి పోయింది. పైగా ఒక తెల్లకాగితం మీద తయారుచేసే విధానం రాసిచ్చాను. మూత పెట్టొద్దనీ, నాలుగు నిమిషాలు మించొద్దనీ కిందగీత గీసి మరీ. గుప్పెళ్ళ మాట రాయలేదు.

వారం తర్వాత మొదటాయన వచ్చి, మాది ముద్దవుతోందండీ అన్నాడు. "పిండడం చాలలేదు" అన్నాను డాక్టరులా. రెండోయన, పొడిపొడిగా రావాలని తిప్పీ తిప్పీ మిక్సీ మోటారు కాల్చుకున్నాడు. "మీరు చెప్పినట్టే చేస్తున్నాను, నా చేతిలోనే లోపం ఉంది" అని ఆయన బాధపడుతుంటే, "అలవాటైతే వస్తుందిలెండి" అని ఓదార్చాను. మూడోయన ఏమీ అనలేదు. బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. దానికి కారణం వేరే ఉండొచ్చు.

మేలో ఆవకాయ పెట్టారు. మా ఇంట్లో ఆవకాయ కలిపిన బేసిన్‌ని అలాగే కడగరు. ముక్కలు జాడీలోకి ఎత్తాక, అడుగునా అంచులకీ అంటుకున్న గుజ్జులో వేడివేడి అన్నం వేసి, నూనె పోసి, అమ్మ చేత్తో కలిపి అందరి చేతుల్లో తలో ముద్ద పెడుతుంది. నేను నా గిన్నెడు కాలీఫ్లవర్ తెచ్చి, "నాకు ఇందులో కలుపు" అన్నాను. అమ్మ గిన్నెలోకి చూసింది. బేసిన్‌లోకి చూసింది. "ఇది ఆవకాయరా" అంది. ఇంకేమీ అనలేదు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, ఆవకాయ తరఫున వేడుకోలు. గిన్నె కింద పెట్టి చెయ్యి చాపాను. ఒక ముద్ద. రెండు. అయిదో ముద్దకి కళ్ళలో నీళ్ళు, కారానికేనని అందరికీ చెప్పాను.

అప్పుడు మా ఆవిడ తీరిగ్గా అంది. "అయిదు నెలల తర్వాత తింటున్నారు, అరుగుతుందో లేదో చూసుకోండి. మార్చి నుంచి హాట్‌ప్యాక్‌లో అన్నం పిల్లి తింటోందనుకుంటున్నాను." అప్పటికి నా నోట్లో ఆరో ముద్ద ఉంది, అందుకని జవాబు చెప్పలేకపోయాను.

జూన్‌లో మళ్ళీ పరీక్ష చేయించాను. 5.9. నేను కాగితం పట్టుకుని కాలీఫ్లవర్ మహిమ మొదలుపెట్టేలోగా మా ఆవిడ అడ్డొచ్చింది. ఫిబ్రవరి నుంచి ఇంట్లో పొయ్యిమీద పెట్టే బియ్యం సగానికి తగ్గించిందట. నేను దొంగిలించేది కూడా ఆ లెక్కలోనే వేసుకుందట. నన్ను రోజూ సాయంత్రం కాలీఫ్లవర్ కోసం రైతుబజారుదాకా నడిపించింది కూడా కావాలనే, సందు చివర కొట్లో దొరుకుతున్నా. అంటే డాక్టరుగారి మూడు ముక్కలూ నాకు తెలియకుండానే నా మీద అమలైపోయాయి.

మా సెక్షన్ మిత్రులారా, నేను రాసిచ్చిన కాగితంలో ఒక వరస తప్పిపోయింది. దయచేసి చేర్చుకోండి: తురిమిన కాలీఫ్లవర్ ఒక గిన్నెడుకి వండి చల్లార్చిన అన్నం ముప్పావు గిన్నెడు, మన బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 రకం బియ్యం అయితే మరీ మంచిది. పొయ్యి కట్టేశాక కలపాలి. మిక్సీ కాలిపోయినాయన రిపేరు బిల్లు నా టేబుల్ మీద పెట్టొచ్చు.