గార్డు డబ్బాలో వాక్యూమ్ లేదు

మా బండి ఫోర్ వీల్ డ్రైవ్. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందుతుంది, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా. మంచు పడిందంటే రెండింటికే. ఎండాకాలమంతా తెరుచుకుని, వాన రాగానే ముడుచుకునే గొడుగు లాంటిదన్నమాట.

మేముండేది మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో. సుపీరియర్ సరస్సు ఒడ్డున కొండవాలుకు అతికించినట్టుండే ఊరు. జనవరిలో మా వీధి, మెట్లు పీకేసి నూనె పూసిన సింహాచలం. ఆ ఎక్కుడు కోసమే ఈ పాత బండి కొన్నాను.

ఆ రోజు మైనస్ 28. ఫోర్ హై బటన్ నొక్కాను. పచ్చ లైటు మిణుకుమిణుకుమంది. అది ఆగి నిలకడగా వెలిగితే ముందు చక్రాలు కలిసినట్టు. వెలగదు, ఆరదు. పెళ్లిచూపులయ్యాక ‘కబురు చేస్తాం’ అన్నవాళ్లలా ఉంది దాని వరస. ఈలోగా బండి వెనక్కి జారి, పొరుగాయన పోస్టు డబ్బాను మర్యాదగా పలకరించింది.

సాఫ్ట్‌వేరు వాణ్ణి కదా, మూడుసార్లు ఆపి స్టార్ట్ చేశాను. ఫ్యూజులు చూశాను, బాగానే ఉన్నాయి. చివరికి వర్క్‌షాపులో ఇచ్చాను. వాళ్లు రాత్రంతా వెచ్చటి షెడ్డులో పెట్టి, పొద్దున్నే బటన్ నొక్కితే లైటు బుద్ధిగా వెలిగింది. ‘లోపమేమీ లేదు’ అని కాగితం మీద రాసి, రాసినందుకు 140 డాలర్లు తీసుకున్నారు. ఇంటికొచ్చి ఒక రాత్రి చలిలో నిలబడేసరికి మళ్లీ మిణుకుమిణుకు.

వెచ్చదనమే మందని అర్థమైంది. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ పట్టుకెళ్లి ముందు ఇరుసు కింద పడుకుని ఇరవై నిమిషాలు వేడిగాలి కొట్టాను. ఫలితం లేదు. “మన పెళ్లికి కూడా నేను అంతసేపు వాడలేదు” అంది ఆవిడ గుమ్మంలోంచి.

అప్పుడు బండి మాన్యువల్ తెరిచాను. బటన్ నొక్కగానే ట్రాన్స్‌ఫర్ కేసులో మోటారు గేరు మారుస్తుంది. అక్కడితో అయిపోదు. ముందు ఇరుసులో రెండు ముక్కలుగా ఉన్న షాఫ్టును ఒక కాలరు జరిగి కలపాలి. ఆ కాలరును లాగేది కరెంటు కాదు, వాక్యూమ్. ఇంజను గాలి పీల్చినప్పుడు పుట్టే ఆ శూన్యాన్ని సన్నటి రబ్బరు గొట్టం ముందు దాకా మోసుకెళుతుంది. అంటే రెండు టన్నుల బండిని కొండెక్కించే పూచీ చివరికి చిటికెనవేలంత లావైనా లేని గొట్టంలోని ‘ఏమీలేనితనం’ మీద ఉంది. డిజైన్ చేసినవాడెవడో వేదాంతం చదివి ఉండాలి.

“వాక్యూమా? మరి నాన్నకు ఫోన్ చెయ్యకుండా ఇంతసేపేం చేస్తున్నారు?” అంది మా ఆవిడ.

మామయ్యగారు కాజీపేటలో రైల్వే క్యారేజి, వ్యాగన్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఎయిర్ బ్రేకులు రాకముందు మన రైళ్లను ఆపింది వాక్యూమే. మాకు రాత్రి ఎనిమిదంటే అక్కడ పొద్దున ఏడున్నర. వీడియోలో ఆకుపచ్చ మంకీ క్యాపు, కింద టీ గ్లాసు కనిపించాయి.

“ఏం చలి బిడ్డా! పదహారు డిగ్రీలు. పానం పోతున్నది.”

నా కనుబొమల మీది మంచు ఆయనకు కనపడకుండా ఫోను పక్కకు తిప్పి విషయం చెప్పాను.

“ఇంజన్ కాడ ఎంతున్నది? గార్డు డబ్బా కాడ ఎంతున్నది?”

“దీనికి గార్డు డబ్బా ఉండదు మామయ్యగారూ.”

“గొట్టానికి రెండో కొస లేదా? అదే గార్డు డబ్బా. ప్యాసింజర్ బండికి ఇంజన్ కాడ 53 సెంటీమీటర్లుంటే గార్డు కాడ 47 అన్న ఉండాలె. లేకుంటే బండి కదలనియ్యం.”

మర్నాడు గేజి కొనుక్కొచ్చాను. ఇంజను దగ్గర 20 అంగుళాలు, అంటే సుమారు 51 సెంటీమీటర్లు. రైలింజనుకు మరీ తీసిపోలేదు. ఇరుసు దగ్గర మాత్రం 5 అంగుళాలు.

“మధ్యల ఏదో కోచు లీకున్నది. సగం కాడ ఇడదీసి చూడు. బాగుంటే అవతలి సగం, లేకుంటే ఇవతలి సగం. మళ్ల దాన్ల సగం.”

ఆఫీసులో నేను దీన్నే బైనరీ సెర్చ్ అని చెప్పి జీతం తీసుకుంటున్నాను.

మూడో సగానికి బ్యాటరీ తట్ట కింద దొరికింది. చూపుకు నిక్షేపంలా ఉన్న గొట్టం. వేళ్లతో కాస్త వంచితే పగులు చేపనోరులా తెరుచుకుంది. వెచ్చగా ఉంటే రబ్బరు మెత్తబడి నోరు మూస్తుంది, చలికి బిగుసుకుని తెరుస్తుంది. వర్క్‌షాపు షెడ్డులో అది ఎందుకంత పెద్దమనిషిలా ప్రవర్తించిందో అప్పుడు తెలిసింది. నేను హెయిర్ డ్రయ్యర్ పట్టింది గార్డు డబ్బాకు, చిల్లు ఉన్నది మధ్య కోచుకు.

మూడు డాలర్ల గొట్టం వేశాను. బటన్ నొక్కాను. కింద ‘టక్’మంది, పచ్చ లైటు నిలబడింది. స్టాండుకు తగిలించిన ఫోనులోంచి గొంతు: “ఎంతున్నది?”

“ఇంజన్ కాడ 20, గార్డు కాడ 19, మామయ్యగారూ!” నా నోట ‘కాడ’ వచ్చినందుకు మా ఆవిడ పక్కసీట్లో ముసిముసిగా నవ్వింది.

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు. అంత చలిలోనూ మంకీ క్యాపు తీసి, పచ్చజెండాలా రెండుసార్లు ఊపారు.

బండి కొండెక్కింది.